మావయ్య పేరున సోమవారం రొట్టె

జూన్ 11

అత్తయ్యగారికి,

మీ కోడలు రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం, రొట్టెల బట్టీ బాగుంది. పిల్లి ఈసారి కూడా పిండి బస్తాల వెనకే పిల్లల్ని పెట్టింది. మీ అబ్బాయి దాన్ని తిట్టి, తర్వాత ఆయనే ఒక గోనెసంచి మడత పెట్టి పరిచారు. పెద్దత్తయ్యగారి కాలు ఎలా ఉంది? కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడుస్తున్నారని విని సంతోషించాను. అంటే ఇక మీరు వచ్చేయొచ్చు కదా అని కూడా అనుకున్నాను. తప్పైతే క్షమించండి.

నేను ఫోనులో ఎందుకు మాట్లాడనని మీరు మీ అబ్బాయిని అడిగారట. మాట్లాడాలనే ఉంటుంది. అది చెవికి పెట్టుకోగానే అనుకున్నవన్నీ మరిచిపోతాను. "ఆఁ అత్తయ్యా, ఊఁ అత్తయ్యా" అని పెట్టేస్తాను. పెట్టేశాక అన్నీ గుర్తొస్తాయి. కాగితమైతే నా మొహం చూడదు. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయిందని మీకు తెలుసు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మొన్న ఆదివారం పూజ అయ్యాక ఫాదరుగారు నన్ను ఆపారు. నేను మీ అబ్బాయి వెనక్కి జరిగాను, అయినా వదల్లేదు. "ఆగస్టు ఇరవై నాలుగున మీ మావయ్య సంవత్సరీకం పూజ. మీది రొట్టెల ఇల్లు కదమ్మా, ఆరోజు కానుకలప్పుడు పీఠం దగ్గరికి మీ ఇంటి రొట్టే రావాలి. అత్తయ్యగారు తెస్తే బాగుంటుంది" అన్నారు. నేను తలూపాను. మీరొస్తారని మాట ఇచ్చేసినట్టే అయింది.

ఇంకో సంగతి. ఆరోజే, చనిపోయాక ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మల కోసమని పేర్లు చదివారు. అందులో మావయ్యగారి పేరు కూడా చదివారు. నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. చిన్నప్పుడు జ్ఞానోపదేశం క్లాసులో సిస్టరు ఒక బొమ్మ చూపించింది. మంటల్లోంచి మనుషులు చేతులు పైకెత్తి పిలుస్తూ ఉంటారు. అందులో మావయ్యగారా? ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆయన్ని అక్కడ ఎందుకు పెడతారు? మీ అబ్బాయిని అడిగితే, "నాన్న బతుకంతా బట్టీ ముందే నిలబడ్డాడు, ఆ వేడి ఆయనకో లెక్కా!" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. మీరైనా ఫాదరుగారికి చెప్పి ఆ పేరు తీయించండి.

మీరు వెళ్ళేటప్పుడు చెప్పినట్టే ప్రతి సోమవారం మావయ్యగారి పేరున చర్చి మెట్ల దగ్గర అడుక్కునే తాతకి రొట్టె ఇస్తున్నాను. ఊరికే ఇవ్వడం కాదు, మావయ్యగారికి ఇష్టమైన రొట్టే ప్రత్యేకంగా చేసి ఇస్తున్నాను.

పిండి పొంగి గిన్నె దాటుతోంది, ఆపుతాను.

మీ కోడలు


జూన్ 19

అమ్మాయ్,

నీ ఉత్తరం మా అక్క కూడా చదివింది. "నీ కోడలికి నోరుందే! నేను మూగపిల్లనుకున్నాను" అంది. మా అక్క సంగతి నీకు తెలీదు, కాలు విరిగింది గానీ నాలుకకి ఏమీ కాలేదు. మొన్న డాక్టరు నడవమంటే, "నడిచి ఎక్కడికి పోను, నా చెల్లెలు కూర్చోబెట్టి అన్నీ అందిస్తుంటే" అంది. చూశావా, నేను లేకపోతే ఇక్కడ గడవదు. అందుకే రాలేను. ఆగస్టుకల్లా ఆవిడ మెట్లు దిగుతుందని నాకు నమ్మకం లేదు. ఫాదరుగారికి ఆ మాట చెప్పు. రొట్టె నువ్వే పట్టుకెళ్ళు.

పేరు తీయించమంటావేమిటే పిచ్చిదానా! ఉత్తరించు స్థలం అంటే నరకం అనుకుంటున్నావా? నరకానికి పోయినవాడికి మన ప్రార్థన అందదు, మోక్షానికి చేరినవాడికి అవసరం లేదు. మధ్యలో ఉన్నవాడికే కావాలి. వాడు పోయేది మోక్షానికే, అది ఖాయం. ఇలా చూడు. మా అబ్బాయి పని దిగి ఒంటినిండా పిండితో, చెమటతో వస్తే నువ్వు కంచం పెడతావా? ముందు కడుక్కురమ్మంటావు. తరిమేశావా? లేదు. భోజనం లేదన్నావా? లేదు. కడుక్కోమన్నావు, అంతే. దేవుడూ అంతే. కొందరికి చేతులు తడుపుకుంటే చాలు. కొందరికి గోళ్ళ సందుల్లో ఎండిపోయి ఉంటుంది, నానబెట్టి గీకాలి. గీకితే మండుతుంది మరి. ఆ మంటనే బొమ్మల్లో అలా వేస్తారు.

మీ మావయ్యది నానబెట్టే రకం. పల్లెత్తు మాట అనని మనిషా? ఎవరి గురించి రాశావో అని ఆ ముక్క రెండుసార్లు చదివాను. నీకు మంచివాడిగా కనిపించాడు, సంతోషం. ఆ పేరు మాత్రం ఉండనీ, ఉండాల్సిందే.

అది సరే. ఆయనకి ఇష్టమైన రొట్టె ఏమిటి? అన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు తెలియనిది నీకెలా తెలిసింది? ఆయన తన చేతి రొట్టె తానే తినగా నేను చూడలేదు. రాసి చెప్పు, మా అక్కకి కూడా వినాలని ఉందట.

పిల్లిని బస్తాల దగ్గరికి రానివ్వకు. గోనెసంచి పరిచాడా? వాళ్ళ నాన్నయితే తోక పట్టుకుని బయట పడేసేవాడు.

అత్తయ్య


జూలై 1

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, కడుక్కోవడం సంగతి మీ అబ్బాయికి చదివి వినిపించాను. ఆయన చేతులు చూసుకుని, "అయితే నేను అక్కడ చాలాకాలం ఉంటాను" అన్నారు. ఇప్పుడు ఆ బొమ్మ అంత భయంగా లేదు.

రొట్టె సంగతి చెబుతాను. మావయ్యగారికి మాడిన రొట్టె అంటే ఇష్టం. నల్లగా, పెంకులాగా మాడాలి. అందుకే ఆదివారం రాత్రి పిండి కలిపేటప్పుడే ఒక ఉండ విడిగా పెట్టుకుని, తెల్లవారి దాన్ని బట్టీ వెనక మూలకి తోసి మరిచిపోయినట్టు ఊరుకుంటాను. మిగతావన్నీ తీశాక కూడా దాన్ని ఉంచుతాను. మీ అబ్బాయి వాసన పట్టి, "ఏదో మాడుతోంది!" అని పరుగెత్తుకొస్తే, "మావయ్యగారిది" అంటాను. తల గోక్కుని వెళ్ళిపోతారు.

తాత మాత్రం మొన్న అడిగేశాడు.

"అమ్మాయ్, నామీద నీకేమైనా కోపమా?"

"అయ్యో, ఎందుకు తాతా?"

"ఊరందరికీ దూదిలాంటి రొట్టెలు అమ్ముతావు, నాకు బొగ్గు ఇస్తావు. నాకు పళ్ళు లేవు చూడు. నీ ధర్మమా అని చిగుళ్ళు కూడా పోయేట్టున్నాయి."

"ఇది మా మావయ్యగారికి ఇష్టం తాతా. ఆయన పేరున ఇస్తున్నాను."

"ఇష్టమైతే ఆయన్నే తినమను. నాకు మీ అత్తయ్యకి ఇష్టమైనది ఇవ్వు."

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, మీకు ఏ రొట్టె ఇష్టమో నాకు తెలియదు.

మావయ్యగారి సంగతి నాకెలా తెలిసిందంటే, పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను ఒక రేకు రొట్టెలు మొత్తం మాడ్చాను. భయంతో ఆ రేకు తీసుకెళ్ళి బస్తాల వెనక దాచి, నేనూ అక్కడే దాక్కున్నాను. మావయ్యగారు వెతుక్కుంటూ వచ్చారు. "ఏదీ, చూడనీ" అన్నారు. ఒకటి విరిచి, నిలబడే తిన్నారు. మొత్తం తిన్నారు. "బట్టీకి నువ్వు ఇంకా కొత్తమ్మా. అది కూడా నీలాగే సిగ్గుపడుతోంది" అన్నారు. ఆరోజు నుంచి ఏ రేకులో మాడినది కనిపించినా, "అది నాకు పెట్టు" అనేవారు. అమ్మనిచ్చేవారు కాదు, నన్ను తిననిచ్చేవారు కాదు. నేను బాగా నేర్చుకున్నాక మాడడం తగ్గిపోయింది. అప్పుడు కూడా వెనక మూలలో ఒకటి ఆయనే ఉంచుకునేవారు. అందుకే ఇష్టమని తెలిసింది.

కోప్పడకండి అత్తయ్యగారూ, ఆయన గురించి మీరు అలా రాస్తే నాకు బాధేసింది. బట్టీ దగ్గర ఆయన ఎలా ఉండేవారో మీరు చూడలేదు కదా. మీరెప్పుడూ గల్లా దగ్గరే కూర్చునేవారు. పిండి అంటే చేతులు పాడవుతాయని మీరు లోపలికి రారేమో అనుకునేదాన్ని. ఒక్కసారైనా వచ్చి ఉంటే మీకూ తెలిసేది.

మీ కోడలు


జూలై 9

చేతులు పాడవుతాయని కాదు.

నా పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మీ మావయ్య పిండి కొనడానికి పొరుగూరు వెళ్ళారు. ఆయన వచ్చేసరికి నా చేత్తో రొట్టెలు చేసి చూపించాలనుకున్నాను. నేనే కలిపాను, నేనే బట్టీ అంటించాను. వెనక మూల వేడి ఎక్కువని నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి రేకు మాడింది. ఇంకోటి వేద్దామనుకునేలోగా ఆయన వచ్చారు. దుకాణం ముందు జనం ఉన్నారు. "ఈ బొగ్గు నా పేరు మీద అమ్ముతావా?" అని రేకు లాక్కుని, అందరి కాళ్ళ మధ్య వీధిలోకి బోర్లించారు. దర్జీ భార్య నవ్వింది. తర్వాత ఆయన లోపలికెళ్ళి, ఏమీ జరగనట్టు పిండి కలపడం మొదలుపెట్టారు. నేను వీధిలో వంగి ఒక్కొక్కటీ ఏరుకున్నాను.

అప్పటి నుంచి పిండి ముట్టుకోలేదు. గల్లా కుర్చీ వీధివైపు తిప్పి వేసుకున్నాను, బట్టీ కంటపడకుండా. ఆ రోజు గురించి ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. చచ్చేదాకా మాట్లాడలేదు.

ఆయనకి మాడినదంటే ఇష్టమా? నల్లచుక్క కనపడితే ఒళ్ళు మండిపోయేది. పనివాళ్ళని తరిమాడు. నువ్వు రాసిన మనిషి ఎవరో నాకు తెలీదు.

ఇప్పుడు అసలు మాట రాస్తాను, ఎలాగూ కలం పట్టుకున్నాను కాబట్టి. మా అక్క బాగానే నడుస్తోంది. మెట్లూ దిగుతోంది. నేను రాకపోవడానికి కారణం ఆ పూజ. ఇక్కడ రోజూ జపమాల చెబుతాను. మా అమ్మకి, నాన్నకి, ఎవరూ దిక్కులేని ఆత్మలకి, అందరికీ నిత్య విశ్రాంతి అడుగుతాను. ఆయన పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుక అంటుకుపోతుంది. ఏడాదిగా ఇదే. అందరి ముందు పీఠం దగ్గరికి రొట్టె పట్టుకెళ్ళి, నోట్లో లేని ప్రార్థన ఉన్నట్టు నటించలేను. భార్య ప్రార్థన లేక ఆయన అక్కడే ఆగిపోయాడేమోనని భయం కూడా ఉంది. భయం ఉంది గానీ మాట రావడం లేదు. ఏం చేయను?

ఆ తాతకి మాడినది ఇవ్వడం మానెయ్.

అత్తయ్య


జూలై 16

అత్తయ్యగారికి,

నేను ఏమీ తెలియకుండా రాసేశాను. నా చేతులు విరగ. మీ ఉత్తరం చదివాక గల్లా దగ్గర మీ కుర్చీలో కూర్చుని చూశాను. అక్కడి నుంచి బట్టీ నిజంగానే కనిపించదు.

మీరు మానెయ్యమన్నారు కాబట్టి సోమవారం రొట్టె మానేశాను.

మీ అబ్బాయిని అడిగాను, ఆ రోజు సంగతి తెలుసా అని. తాను పుట్టకముందు మాట, తెలియదన్నారు. ఇంకో సంగతి చెప్పారు. "నాన్నకి కడుపులో పుండు ఉండేది కదా, మాడినవీ గట్టివీ తినొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. తింటే రాత్రంతా కడుపు పట్టుకుని కూర్చునేవాడు. అయినా మానేవాడు కాదు. ఎందుకు నాన్నా అంటే నా మీద అరిచేవాడు." ఇది నాకు ఇప్పుడే తెలిసింది. ఇష్టమైనదని నేనే ఏరి ఏరి పెట్టాను.

ఇంకా ఏమేమి గుర్తున్నాయో రాస్తాను. దీనికి అర్థం ఏమిటో నాకు తెలియదు, మీరే చూడండి. మావయ్యగారు ఆ రొట్టె ఎప్పుడూ కూర్చుని తినలేదు. బట్టీకీ దుకాణానికీ మధ్య తలుపు ఉంది చూడండి, అద్దం బిగించినది, అక్కడ నిలబడి తినేవారు. అక్కడి నుంచి గల్లా కనిపిస్తుంది. మీ వీపు కనిపిస్తుంది. బయట జనాన్ని చూస్తున్నారేమో అనుకునేదాన్ని. బాగుందని ఒక్కనాడూ అనలేదు. ఒకసారి నేనే ధైర్యం చేసి, "మావయ్యా, మాడినదంటే అంత ఇష్టమా?" అన్నాను. "ఇది నేను ఎప్పుడో తినవలసిందమ్మా. అప్పుడు తినలేదు" అన్నారు. పెద్దవాళ్ళు ఏదో అంటారులే అనుకుని రేకులు కడగడానికి వెళ్ళిపోయాను.

ఫాదరుగారిని అడగాలనిపించింది. ఎదురుగా నిలబడి అడగలేను. అందుకని పాపసంకీర్తనానికి వెళ్ళాను, అక్కడైతే జాలీ అడ్డం ఉంటుంది. "నీ పాపాలు చెప్పమ్మా" అన్నారు. నేను మా మావయ్యగారి సంగతి మొదలుపెట్టాను. "నీవి చెప్పమ్మా, ఆయనవి కాదు" అన్నారు. "నావి తర్వాత చెబుతాను ఫాదర్, ముందు ఇది వినండి" అన్నాను. నేనేనా అలా అన్నది అని ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంది. బయట వరసలో ఉన్నవాళ్ళు నేనేదో ఘోరం చేశాననుకుని ఉంటారు, అంతసేపు పట్టింది.

ఫాదరుగారు అన్నీ విన్నారు. "చచ్చిపోయాక కడుక్కునే దానిని కొందరు బతికుండగానే మొదలుపెట్టుకుంటారమ్మా" అన్నారు. మీ సంగతి కూడా పేరు చెప్పకుండా అడిగాను, ప్రార్థన రాని మనిషి ఒకరున్నారని. ఆయన ఎవరని అడగలేదు. "దేవుడు ఒకరి కోపానికి ఇంకొకరిని కట్టేసి ఉంచడు. ఆ భయం వద్దని చెప్పు. మాట రాకపోతే రావడం లేదనే ఆయనకి చెప్పమను" అన్నారు. నాకు అర్థమైనంత వరకు రాశాను.

నామీద కోపం ఉంటే తిట్టండి, ఉత్తరం మాత్రం మానకండి.

మీ కోడలు


ఆగస్టు 1

అత్తయ్యగారికి,

మీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఫోను చేస్తే పెద్దత్తయ్యగారు తీసి, "మీ అత్త గుడికి వెళ్ళిందే, ఈమధ్య గుడిలోనే కాపురం" అన్నారట, మీ అబ్బాయి చెప్పారు. నేను ఆయన చేతిలోంచి తీసుకుని మాట్లాడదామనుకునేలోగా పెట్టేశారు.

నేను రాసినవి మిమ్మల్ని ఇంకా బాధపెట్టాయని తెలుసు. గుర్తున్నవన్నీ రాయకుండా ఉండాల్సింది. తాత సోమవారం నా కోసం దుకాణం దాకా వచ్చి, "రొట్టె మానేశావేం? బొగ్గైనా నానబెట్టుకుని తినేవాణ్ణి కదా" అన్నాడు. మామూలు రొట్టె ఒకటి ఇచ్చి పంపాను. ఎవరి పేరునో చెప్పలేదు.

పూజకి మీరు రాకపోయినా పరవాలేదు. ఇంటికి రండి. పూజ అయిపోయాకే రండి. మీ కుర్చీ అలాగే ఉంది.

మీ కోడలు


ఆగస్టు 8

అమ్మాయ్,

ఒసే పిచ్చితల్లీ, నీమీద కోపం ఎవరికి? ఆ తాతకి మాడినది మానెయ్ అన్నాను గానీ రొట్టే మానెయ్ అన్నానా! పాపం, వారాల తరబడి వాడి నోరు కట్టేశావు. మెత్తటిది ఇవ్వు, పాలలో ముంచినట్టుండేది. ఇక నుంచి ఎవరి పేరునో కూడా చెప్పు.

ఆలస్యం ఎందుకైందంటే, నీ ఉత్తరం చదివాక నాకు మనశ్శాంతి వస్తుందనుకున్నావేమో, రాలేదు. ఒళ్ళు మండింది. అద్దం వెనక నిలబడి నా వీపు చూస్తూ తిన్నాడా? నాలుగడుగులు వేసి నా ముందుకొచ్చి తినొచ్చుగా! "నాది తప్పే" అని ఒక్క మాట అంటే నోరు పడిపోయేదా? కడుపులో పుండు పెంచుకున్నాడు గానీ నోరు విప్పలేదు. క్షమాపణ కూడా గోడకి చెప్పుకున్న మనిషి! మా అక్క ముందు ఇదంతా అరిచాను. ఆవిడ అన్నీ విని, కర్ర పక్కన పెట్టి, "నువ్వు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశావుటే?" అంది. ఆరోజు ఆవిడకి మాత్రలు నేను అందించలేదు. లేచి తెచ్చుకోమన్నాను. తెచ్చుకుంది.

తర్వాత రోజు నుంచి గుడికి వెళ్ళడం మొదలుపెట్టాను, జనం లేని వేళ చూసి. మీ ఫాదరుగారు చెప్పినట్టు, రావడం లేదు స్వామీ అన్నాను. కూర్చున్నాను. వచ్చేశాను. మర్నాడూ అంతే. ఒకరోజు ఇలా లాభం లేదని, దేవుణ్ణి పక్కకి జరగమని మీ మావయ్యతోనే మాట్లాడాను. మాట్లాడ్డమేమిటి, తిట్టాను. వీధిలో నవ్విన నవ్వు దగ్గర నుంచి మొదలుపెట్టి, తిప్పి వేసుకున్న కుర్చీ మీదుగా, అద్దం తలుపు దాకా, ఒక్కటీ వదలకుండా తిట్టాను. ఊడ్చే మనిషి చీపురు ఆపి చూస్తోంది. ఎవరితో అమ్మా అంది. మా ఆయనతో అన్నాను. "ఏరీ?" అంది. "ఉత్తరించు స్థలంలో ఉన్నాడు, ఇంకా రావాలి" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "మా ఆయన కూడా అక్కడే ఉండుంటాడు, కనిపిస్తే నేను అడిగానని చెప్పమనండి" అని ఊడ్చుకుంటూ పోయింది.

తిట్టి తిట్టి అలిసిపోయి చూసుకుంటే, నోట్లో ఆయన పేరే ఉంది. ఏడాది నుంచి అంటుకున్న నాలుక, ఎన్నిసార్లు పలికిందో లెక్కే లేదు. ఇక మిగిలింది చివర్లో నిత్య విశ్రాంతి అడగడమే. అడిగాను. ఏడుపొచ్చింది. నీకు చెబుతున్నాను, మా అబ్బాయికి చెప్పకు.

ఆయన్ని పూర్తిగా క్షమించానా అంటే నాకు తెలీదు. కొంత అయింది, కొంత నానుతోంది. ఆయనది అక్కడ నానుతోంది, నాది ఇక్కడ నానుతోంది. ఇద్దరిదీ ఒకటే మరక కదా, ఒకచోట రుద్దితే రెండోచోట కూడా వదులుతుందేమో. ఇది ఫాదరుగారిని అడక్కు, తప్పంటారు.

పూజకి వస్తున్నాను. ఇరవై రెండున పగటి బస్సులో వస్తాను. మా అక్క కూడా వస్తానంటోంది, కర్రతో సహా, నీ నోరు చూడాలట. పూజ ముందురోజు పిండి కలపకు. మా అబ్బాయిని కూడా ముట్టుకోనివ్వకు. పీఠం దగ్గరికి వెళ్ళే రొట్టె నేను చేస్తాను. ఎంత నీళ్ళు, ఎంత ఈస్టు, నాకు ఏమీ గుర్తులేదు, నువ్వు పక్కన నిలబడి చెప్పాలి. ఆయన నీకు ఎలా చెప్పారో అలాగే చెప్పు. మాట కూడా మార్చకు.

అత్తయ్య


ఆగస్టు 14

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం మొన్నే వచ్చింది. పొద్దున్నుంచి ఇల్లు కడుగుతున్నాను. పెద్దత్తయ్యగారికి కింద గది సిద్ధం చేశాను, మెట్లు లేకుండా. మీ అబ్బాయి ఆవిడ కోసం చేతులున్న కుర్చీ ఒకటి అడిగి తెచ్చారు.

నేను కూడా మీకు ఒకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ నేను మావయ్యగారి కోసం ప్రార్థన చేయలేదు. రొట్టె ఇచ్చాను గానీ ప్రార్థన చేయలేదు. చేస్తే ఆయనలో మురికి ఉందని నేనే ఒప్పుకున్నట్టవుతుందని. ఆయన నాకు నాన్న కంటే ఎక్కువ. నాకు అంత ఓపిగ్గా నేర్పిన చేతులే ఆ రేకు వీధిలో బోర్లించాయని చదివినప్పుడు, ముందు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత చాలా కోపం వచ్చింది. మీ కోసం కోపం. నా పెళ్ళినాటికి నా వయసు ఎంతో, అప్పుడు మీ వయసూ అంతే కదా. నేను రేకుతో బస్తాల వెనక దాక్కున్నాను. మిమ్మల్ని వెతుక్కుంటూ ఎవరూ రాలేదు.

ఆ కోపం ఏం చేసుకోవాలో తెలియలేదు. మీ ఉత్తరం చదివాక తెలిసింది. గుడికెళ్ళి నేనూ ఆయన్ని తిట్టాను. మీలా గట్టిగా కాదు, పెదాల్లోనే. నాకు తిట్లు ఎక్కువ రావు కూడా. "ఎందుకలా చేశారు మావయ్యా" అనే అన్నాను. అన్నాక మొదటిసారి ఆయన కోసం అడిగాను, తొందరగా కడిగి లోపలికి పిలవమని. ఆయన మీద ప్రేమ ఏమీ తగ్గలేదు. ఇప్పుడు ఆయన నాకు ఇంకొంచెం బాగా తెలుసు, అంతే. ఇది తప్పు కాదు కదా?

ఇరవై రెండున మీ అబ్బాయి బస్సు దగ్గరికి వస్తారు, నేను కూడా వస్తాను. ఈ మాట నిన్న దుకాణంలోనే అనుకున్నాం. మీ అబ్బాయి గల్లా దగ్గర, నేను లోపల రేకులు తుడుస్తున్నాను. దర్జీ భార్య రొట్టె కోసం వచ్చింది. ముసలావిడ అయిపోయింది, మీకు తెలుసు. ఇంకా నలుగురు ఉన్నారు. "ఇరవై రెండున మధ్యాహ్నం దుకాణం తీయం" అని మీ అబ్బాయి చెబుతుంటే, "ఎందుకు, ఏం విశేషం?" అని ఆవిడ అడిగింది. మీ అబ్బాయి వెనక్కి తిరిగి నా వైపు చూశారు.

నేను అద్దం తలుపు తోసుకుని బయటికి వచ్చాను. మొహం మండిపోతోంది. "మా అత్తయ్య వస్తున్నారు" అన్నాను. "పూజ రొట్టెకి పిండి కలపడానికి. ఆవిడే కలుపుతారు, ఆవిడే కాలుస్తారు" అన్నాను. అందరి ముందు, గట్టిగా. వీధి అవతలికి కూడా వినిపించిందని మీ అబ్బాయి అన్నారు.

మీ కోడలు